కాదనని పిల్లాడు

కొడుకు పేరు మీద బడిలో బహుమతి పెడతామని ప్రిన్సిపాల్ ఇంటికొచ్చి అడిగినప్పుడు ఓర్లీన్ స్టాంపర్ సరేనని తలూపింది. అప్పటికి కోల్బీని మట్టిచేసి నెల కూడా తిరగలేదు. చర్చి వాళ్ళు తెచ్చిపెట్టిన బీన్స్ గిన్నెలు, మొక్కజొన్న రొట్టెల పళ్ళేలు ఇంకా బల్లమీదే ఉన్నాయి. అలాంటప్పుడు ఎవరేమడిగినా మనిషి తలూపేస్తాడు. ఓర్లీన్ అయితే ఏ కష్టమూ లేనప్పుడు కూడా తలూపే మనిషే. వాళ్ళుండే కొండల్లో పిల్లల్ని అలాగే పెంచుతారు. పెద్దాయన ఏదైనా చెబితే "అలాగేనండి" అనాలి, పెద్దావిడ చెబితే "అలాగేనమ్మా" అనాలి. ఎందుకని తిరిగి అడిగే పిల్లాడు కనిపిస్తే చాలు, ఊరంతా వాడి తల్లి పెంపకం గురించి చెవులు కొరుక్కుంటుంది. ఓర్లీన్ పెంపకం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ మంచి పెంపకమే కోల్బీని చంపింది. ఈ మాట ఊళ్ళో ఎవరూ పైకి అనరు కాబట్టి ఇక్కడ నేను అంటున్నాను.

వాడు కౌంటీ టెక్నికల్ స్కూల్లో వెల్డింగ్ క్లాసుకి ఉత్తమ విద్యార్థి. నది ఒడ్డున పెట్రోలూ డీజిలూ మోసే ఇనప బార్జీలకు, అంటే బల్లపరుపు సరుకు పడవలకు, మరమ్మతులు చేసే యార్డు ఒకటుంది. గనులు మూతపడ్డాక ఆ చుట్టుపక్కల జీతం లాంటి జీతం ఇచ్చే చోటు అదే. ఆ యార్డు వాళ్ళు కోల్బీని బడి సభలో స్టేజీ మీదే పనిలోకి తీసుకున్నారు. ఎండాకాలంలో చేరాడు, ఆకులు రాలే కాలానికి పోయాడు. ఒకరోజు పొద్దున్నే ఫోర్మన్ ఒక బార్జీ కడుపులోకి నిచ్చెన చూపించి, లోపల చిన్న పగులుంది, అతుకు వేసి రమ్మన్నాడు. లోపలి గాలిలో పెట్రోలు ఆవిరి లేదని పరీక్షించి సంతకం పెట్టాల్సిన మనిషి ఇంకా రాలేదు. ఆ సంతకం లేకుండా నిప్పు వెలిగించకూడదని కోల్బీకి తెలుసు. రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మకు పాఠం చెప్పినట్టు ఎన్నోసార్లు చెప్పాడు కూడా. ఫోర్మన్ "రెండు నిమిషాల పనిరా బాబూ" అన్నాడు. వీడు "అలాగేనండి" అని నిచ్చెన దిగాడు. పైకి తీసిన దాన్ని తల్లికి చూపించలేదు.

గాలి పరీక్షించే మనిషి కోసం ఆగకుండా కుర్రాడే తొందరపడ్డాడని యార్డు వాళ్ళు రాసుకున్నారు. తరవాత బడికి ఇత్తడి ఫలకం ఒకటి చేయించి పంపారు, కోల్బీ స్టాంపర్ ఉత్తమ విద్యార్థి బహుమతి అని. ఏటా మే నెలలో జిమ్ హాల్లో సభ పెడతారు. బంతాట వాళ్ళు కాలేజీ జట్లలోకి సంతకాలు పెట్టినట్టే, పని నేర్చుకున్న పిల్లలు గుడ్డ పరిచిన బల్ల వెనక వరసగా కూర్చుని తమను తీసుకునే కంపెనీల కాగితాల మీద సంతకాలు పెడతారు. అమ్మమ్మలు ఏడుస్తారు, ఫోన్లు పైకి లేస్తాయి. ఆఖర్న వెల్డింగ్ ఉత్తమ విద్యార్థి లేస్తాడు. యార్డువారి పసుపు హెల్మెట్టు వాడి తలమీద పెట్టాల్సింది కోల్బీ తల్లి.

మొదటి ఏడాది పెట్టింది. ఆ పిల్లాడు యార్డులో ఒక వారం కూడా నిలవకుండా సైన్యంలో చేరిపోయాడు. యుద్ధానికి పోతున్నాడని వాళ్ళమ్మ గుండెలు బాదుకుంటుంటే, ఓర్లీన్ మాత్రం హమ్మయ్య అనుకుని కడుపునిండా తిని పడుకుంది.

ఈ ఏడాది వంతు జారెట్ లైల్‌ది.

ఓర్లీన్ ఆ బడి క్యాంటీన్లో వంటమనిషి. ఎవరి కడుపు ఎంతో ఆమెకు తెలుసు. జారెట్ సన్నగా, చెవులు పెద్దవిగా ఉంటాడు. కొండ పైన రేకుల ఇంట్లో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. తిన్న పళ్ళెం తనే కడిగిపెట్టి, అడక్కుండానే బల్లలు తుడిచి, బీన్స్ బస్తాలు మోసిపెట్టి పోతాడు. తోటి పిల్లలు వాణ్ని బాగా వాడుకునేవాళ్ళు.

"ఒరే జారెట్, నా ట్రక్కు కడగవా?"

"అలాగేరా."

"ఒరే జారెట్, ఆ గోడ మీంచి దూకవా?"

"అలాగేరా" అని నిజంగానే గోడెక్కేవాడు. అందరూ విరగబడి నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు.

పనిలో మాత్రం వాడికి సాటి లేరు. జడ అల్లినట్టుండేది వాడి అతుకు. వెల్డింగ్ నేర్పే హాల్బర్ట్ మాస్టారు ఆ ముక్కలు వంచి విరవబోతే ఒక్కటీ విరిగేది కాదు. జాగ్రత్తల పరీక్షలోనూ వాడిదే పైచేయి. మాస్టారు రోజూ క్యాంటీన్లో కాఫీ తాగుతూ అదే పాట.

"ఇన్నేళ్ళలో ఇద్దర్నే చూశాను ఓర్లీన్, ఇలాంటి చెయ్యి. మీ కోల్బీ, ఈ జారెట్."

ఆయన పొగడ్తగానే అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నించీ ఆమెకు ముద్ద దిగలేదు. బహుమతి ఎవరికివ్వాలో తేల్చేది ముగ్గురు: మాస్టారు, యార్డు తరఫున సెల్బీ, కోల్బీ తల్లిగా ఓర్లీన్. వీడికిస్తే వీడు యార్డుకి పోతాడు. యార్డులో ఎవడో ఒకడు నిచ్చెన చూపిస్తాడు. అప్పుడు వీడు ఏమంటాడు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి వీడి నోటివెంట "కాదు" అనే మాట వింటే తనే సంతోషంగా హెల్మెట్టు పెడుతుంది. ఆ మాట ఎలా వినాలో ఆలోచించీ ఆలోచించీ ఒక ఉపాయం పన్నింది.

ఇంటి వెనక కోల్బీ పాత ట్రక్కు ఉంది. దాని ఇనప పెట్రోలు ట్యాంకు విప్పదీయించింది. కొడుకు చెప్పిన పాఠం గుర్తు చేసుకుంటూ, సలసల కాగే నీళ్ళలో గిన్నెల సబ్బు కలిపి పోసి, కుదిపి, పారబోసి, చేతులు బొబ్బలెక్కేదాకా కడిగింది. మూతలన్నీ తీసి వారమంతా ఎండలో పెట్టింది. లోపల మిగిలిన ఆవిరికే అంటుకుంటుంది కదా ట్యాంకు, పెట్రోలుకి కాదు. అంత కడిగినా ఆమెకు నమ్మకం చాలలేదు. నిప్పు దాకా పోనిస్తే కదా, చెయ్యి పట్టుకుని ఆపేస్తాను అనుకుంది. చివరికి ఒక గుడ్డపీలిక పెట్రోల్లో ముంచి ట్యాంకు మూతి చుట్టూ బయట రాసింది, వాసన గుప్పుమనేలా.

బడి వదిలాక, మాస్టారు ఆఫీసులో ఉన్నప్పుడు, ట్యాంకు తోపుడు బండి మీద వేసుకుని వెల్డింగ్ షెడ్డుకి వెళ్ళింది. జారెట్ ఒక్కడే నేల ఊడుస్తున్నాడు.

"నాయనా, దీని అడుగున చిల్లు పడింది. కాస్త అతుకు వేసిపెడతావా? ఇప్పుడే కావాలి."

"అలాగేనమ్మా." చీపురు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. రాగానే ముక్కు ఎగబీల్చాడు. "వాసనొస్తోందమ్మా."

"కాస్త వస్తుంది మరి. పెట్రోలు ట్యాంకు కదా."

"కడిగారా?"

"లేదు నాయనా. అంత ఓపిక నాకెక్కడిది."

వాడు ట్యాంకు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. మళ్ళీ ట్యాంకు వంక చూశాడు. అను, అను, అని ఆమె లోపల్లోపల వాణ్ని బతిమాలుకుంటోంది. కడక్కుండా చెయ్యను పొమ్మను. నీకేమైనా మతి పోయిందా ముసలిదానా అను. ఏదో ఒకటి అను.

"చిన్న చిల్లేగా" అన్నాడు జారెట్.

చేతి తొడుగులు వేసుకున్నాడు. ట్యాంకుని బల్లమీదికి ఎత్తి, చిల్లు పైకి వచ్చేలా తిప్పాడు. హోల్డరుకి రాడ్డు తగిలించాడు. ముసుగు దించబోయి ఆగాడు. ఓర్లీన్ ప్రాణం లేచొచ్చింది.

"మీరు కొంచెం దూరం జరగండమ్మా" అన్నాడు. "ఆ తలుపవతలికి వెళ్ళిపోతే ఇంకా మంచిది."

ముసుగు దించేశాడు.

ఓర్లీన్ ఎలా దూకిందో ఆమెకే తెలీదు. రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేసింది. హోల్డరు కిందపడింది. జారెట్ ముసుగెత్తి, ఏదో తప్పు చేసినవాడిలా బెదురుగా చూశాడు.

"ఇది పేలుతుందని నీకు తెలుసా తెలీదా?"

"తెలుసమ్మా."

"తెలిసీ ఎందుకు మొదలెట్టావురా?"

వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మీరు అడిగారు కదమ్మా" అన్నాడు. "కోల్బీ వాళ్ళమ్మ అడిగితే కాదని ఎలా అంటాను?"

ఓర్లీన్ అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. వాడు పక్కన నిలబడి, మంచినీళ్ళు తెమ్మంటారా అని అడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు మాస్టారి ఆఫీసులో ముగ్గురూ కూర్చున్నారు. సెల్బీ మంచివాడే, అందరితోనూ నవ్వుతూ మాట్లాడతాడు. కోల్బీకి నిచ్చెన చూపించింది ఇతను కాదు, ఆ ఫోర్మన్ ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాడు. నిచ్చెన మాత్రం అక్కడే ఉంది.

"ఇందులో తేల్చేదేముంది" అన్నాడు సెల్బీ. "జారెట్టే కదా. మీ బిస్కట్ రొట్టెలూ గ్రేవీ ఏమైనా మిగిలుంటే చెప్పండి ఓర్లీనమ్మా, ఈ మీటింగు ముగించేసి అటు పోదాం."

"నేను జారెట్‌కి ఒప్పుకోను" అంది ఓర్లీన్.

ఇద్దరూ ఆమె వంక చూశారు. ఆమె నోటివెంట అలాంటి మాట వాళ్ళెప్పుడూ విని ఉండలేదు. ఆమె ట్యాంకు సంగతి మొత్తం చెప్పింది. హాల్బర్ట్ మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా షెడ్డులో? నీకు పిచ్చిగాని పట్టిందా ఓర్లీన్? వాణ్ని చంపేసేదానివి."

"కడిగే తెచ్చాను. ఆ సంగతి వాడికి తెలీదు. నే చెప్పేది అదే."

"నువ్వంటే వాడికి గౌరవం. ఇంకెవరైనా అడిగితే చేసేవాడు కాదు."

"ఇంకెవరైనా అడిగితే కూడా చేస్తాడు మాస్టారూ. నా కొడుకు చేశాడు." ఆమె సెల్బీ వైపు తిరిగింది. "బాబూ, ఆ పిల్లాడికి కాదనడం రాదు. మీ యార్డుకి వద్దు."

సెల్బీ మొహమాటంగా నవ్వాడు. "అమ్మా, మా దగ్గర ఇప్పుడు పద్ధతులన్నీ మారిపోయాయి. అయినా కాదనడం వచ్చినవాళ్ళు ఊరంతా ఉన్నారు. పనికి రమ్మంటే రారు, ఎక్కమంటే ఎక్కరు. ఈ క్లాసులోనే రెండో స్థానంలో ఉందే ఆ అమ్మాయి, ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి, కాగితం ఏదీ అంటుంది. దాన్ని పెట్టుకుని నేనేం చేసుకోను?"

"దానికివ్వండి" అంది ఓర్లీన్. "ఆ అమ్మాయికివ్వండి, నేను ఇప్పుడే సంతకం పెడతాను."

మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. ఆయన్ని రాయిగుండె మనిషి అనలేం. కోల్బీ శవపేటికకు భుజం పట్టిన ఆరుగురిలో ఆయనొకడు.

"ఓర్లీన్, వాడికి అమ్మమ్మ తప్ప దిక్కులేదు. ఆవిడ ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని బతుకుతోంది. ఈ పని పోతే వాడికి ఏముందో చెప్పు. అడివిలో దొంగతనంగా కలప కొట్టడానికి పోతాడు, లేకపోతే మత్తుమాత్రలు అమ్మేవాళ్ళ వెనక పోతాడు. వాళ్ళడిగినా కాదనడు కదా. వాళ్ళకన్నా యార్డు నయం కాదా?"

అయినా ఆమె ఒప్పుకోలేదు. ఓట్లు ఇద్దరివి అటు, ఆమెది ఇటు పడ్డాయి. సభలో మాత్రం ముగ్గురూ ఒక్కమాట మీద ఎంచుకున్నారని చెబుతామని, అలా చెప్పడమే పిల్లాడికి మర్యాదని మాస్టారు అన్నాడు.

"చెప్పుకోండి. హెల్మెట్టు మాత్రం నేను పెట్టను" అని లేచొచ్చేసింది.

సభ నాటి దాకా ఆమె ఒకటే సాధన చేసింది. పిండి పిసుకుతూ, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, మైకులో ఏం చెప్పాలో గొణుక్కునేది. నా కొడుకు తొందరపడి చావలేదు. వాణ్ని పంపారు. పంపితే వెళ్ళాడు, ఎందుకంటే వెళ్ళమంటే వెళ్ళాలని నేనే నేర్పాను. ఈ పిల్లాడు కూడా అలాంటివాడే, వీణ్ని పంపకండి. అంతే, అంతకన్నా ఒక్క ముక్క అక్కర్లేదు. ఊరంతా ఉన్నచోట ఈ మాట పడితే యార్డు వాడికి తల కొట్టేసినట్టవుతుంది, వీణ్ని తీసుకోవడానికి జంకుతాడు. ఒకవేళ తీసుకున్నా, నిచ్చెన చూపించేముందు ఒకసారి ఆలోచిస్తాడు. జారెట్ ఆమెను జన్మలో క్షమించడు. బతికుండి క్షమించకపోతే ఆమెకు సమ్మతమే.

జిమ్ హాలు కిటకిటలాడింది. పిల్లలు సంతకాలు పెట్టారు. ఒకమ్మాయి నర్సింగ్ హోమ్‌కి, ఒకడు కరెంటు కంపెనీకి, ఇద్దరు డీజిల్ మెకానిక్కులు. ఆఖర్న ప్రిన్సిపాల్ జారెట్ పేరు పిలిచింది. ఎవరిదో అడిగి తెచ్చుకున్న టై కట్టుకుని, చెవులు ఎర్రబడి, వాడు ముందుకొచ్చాడు. ముందు వరసలో చక్రాల కుర్చీలో వాడి అమ్మమ్మ, ముక్కుకి గొట్టం, ఒళ్ళో ఆక్సిజన్ సిలిండరు. మాస్టారు చదివాడు: చెప్పిన పనికి ఎప్పుడూ వెనకాడనివాడు, ఎదురు మాట్లాడనివాడు, అందరికన్నా ముందు నిలబడేవాడు. పోయినేడు చదివిందీ అవే మాటలు. కోల్బీకి చదివిందీ అవే.

"ఇప్పుడు మన ఓర్లీనమ్మ" అంది ప్రిన్సిపాల్.

హాలు హాలంతా లేచి నిలబడింది. ఆమె అన్నం పెట్టిన పిల్లలు, వాళ్ళ తల్లులు, కోల్బీ పోయినప్పుడు గిన్నెలు మోసుకొచ్చినవాళ్ళు, పాస్టరు, అందరూ చప్పట్లు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. సెల్బీ కూడా లేచి, తల వంచి, రెండు చేతులతో హెల్మెట్టు అందించాడు. ఓర్లీన్ మైకు ముందు నిలబడింది. పిండి పిసుకుతూ వల్లించుకున్న మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి.

జారెట్ అమ్మమ్మ కుర్చీలోంచి లేవబోతోంది. పక్కవాళ్ళు వద్దంటున్నా, గొట్టం లాక్కుంటూ, వణికే కాళ్ళమీద ఓర్లీన్ గౌరవార్థం లేచి నిలబడింది. నిలబడి, పెదాలు కదిపి, నీకు పుణ్యముంటుంది తల్లీ అన్నట్టు రొమ్మున చెయ్యి వేసుకుంది.

"కానివ్వండమ్మా, మీ కోసమే చూస్తున్నాం" అంది ప్రిన్సిపాల్ మెల్లిగా.

నలుగురి ముందు కాదనడం ఓర్లీన్ తల్లికి తెలీదు, ఆ తల్లి తల్లికీ తెలీదు. ఆఫీసులో ఇద్దరి ముందు ఒకసారి అన్నది, ఆ రోజు ఆమె బలమంతా అందులోనే అయిపోయింది. ఇంతమంది తన కోసం నిలబడి ఉంటే, ఆ రోగిష్టి ముసలమ్మ కాళ్ళు వణుకుతుంటే, ఆమె నోరు తెరుచుకోలేదు. చేతులు మాత్రం లేచాయి. జారెట్ మోకాళ్ళు వంచి తల కిందికి పెట్టాడు, ఆమెకు అందేలా. హెల్మెట్టు పెట్టేసింది. కాస్త వదులుగా ఉంటే వెనక పట్టీ బిగించింది కూడా. ఫోన్లు తళుక్కుమన్నాయి. తన చేతుల్ని తనే నరుక్కోవాలన్నంత అసహ్యం వేసింది ఆమెకు. నవ్వు మాత్రం ఫొటోలన్నిట్లోనూ ఉంది.

సభ ముగిశాక కార్ల దగ్గర వాణ్ని పట్టుకుంది. హెల్మెట్టు ఇంకా తీయలేదు వాడు.

"నాయనా, నాకో మాటియ్యి."

"అలాగేనమ్మా."

"ఏ మాటో వినవేంరా ముందు. గాలి పరీక్ష కాకుండా ఎవరు దిగమన్నా దిగకు. సెల్బీ చెప్పినా, వాడి పైవాడు చెప్పినా, నా కొడుకు ఆత్మ వచ్చి చెప్పినా దిగకు. కాదను."

"అలాగేనమ్మా, దిగను."

"నీకు మొహమాటంగా ఉంటే నా మీద తోసెయ్యి. ఆ వంటావిడ పిచ్చిది, ఒట్టు వేయించుకుందని చెప్పు."

"అలాగేనమ్మా."

ఆమె వాడి ముఖంలోకి వెతుక్కుంది. విసుగు కనిపించినా బాగుండేది, అబద్ధం కనిపించినా బాగుండేది. అక్కడ ఏమీ లేదు, పెద్దావిడ చెప్పింది విన్నందుకు తృప్తి తప్ప. ట్యాంకు ముందు ముసుగు దించినప్పుడు ఉన్న ముఖమే అది. వాడి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"అలాగే అనొద్దురా. నాతో కాదను. ఇప్పుడు, ఇక్కడ, ఒక్కసారి నాకు ఎదురు చెప్పు. నేను..."

"జారెట్" అని హాలు మెట్ల మీంచి సెల్బీ కేకేశాడు. "ఒకసారి ఇటు రా బాబూ, ఈ కుర్చీలు వ్యానెక్కించాలి."

"వస్తున్నానండి" అన్నాడు జారెట్. మెల్లిగా, మర్యాదగా, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నాడు. ఒక్క క్షణమమ్మా అని పరిగెత్తాడు. ఆమె చెప్పేది ఇంకా పూర్తి కాలేదు.